నూట తొంభయ్యా, నూట యాభయ్యా: పారాచూట్ సైజు వెనకున్న లెక్క

2025లో పారాచూట్ అనే మాట మన వైపు రెండుసార్లు గట్టిగా వినపడింది. జనవరి మొదటి వారంలో విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరు పారాచూటర్ల కానపీలు, అంటే తల మీద విచ్చుకునే పారాచూట్ గుడ్డలు, గాల్లోనే ఒకదానికొకటి చుట్టుకుని, ఇద్దరూ సముద్రంలో పడ్డారు. వెంటనే పైకి తీశారు, ఇద్దరూ క్షేమం. ఆ వీడియో చేరని ఫోను లేదు. ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర ఇస్రో గగన్‌యాన్ కోసం ఇంకో పరీక్ష చేసింది. దాదాపు ఐదు టన్నుల నమూనా క్రూ మాడ్యూల్‌ని (వ్యోమగాములు కూర్చునే గదిని) చినూక్ హెలికాప్టర్‌తో మూడు కిలోమీటర్ల ఎత్తుకి మోయించి వదిలితే, పారాచూట్లు విచ్చుకుని అది నిదానంగా సముద్రంలో దిగింది.

ఈ రెండు వార్తల మధ్య మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడిది కావలి, ఉద్యోగం బెంగళూరు. థాయ్‌లాండ్‌లో స్కైడైవింగ్ నేర్చుకుని రెండు విడతల్లో 46 జంప్‌లు చేశాడు. 46వ దానికి కాలి మడమ దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పి నాలుగు నెలలైనా కాలేదు, అప్పుడే వాడి ప్రశ్న: "మామా, సెకండ్ హ్యాండ్ రిగ్ ఒకటి చవగ్గా వస్తా ఉండాది. 150 కానపీ. ఒక సీనియర్ తీసుకోమంటాడు, ఇంకో సీనియర్ జోలికే పోవద్దంటాడు. ఎవరి మాట వినేది?" రిగ్ అంటే వీపున కట్టుకునే పారాచూట్ సంచీ మొత్తం, 150 అన్నది అందులోని కానపీ సైజు.

నేను అమెరికాలో ఉద్యోగం చేసిన తొమ్మిదేళ్లలో మూడొందల పైచిలుకు జంప్‌లు చేశాను. ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాను. వాడికి ఆ రోజు ఫోన్లో ఆదరాబాదరాగా చెప్పిందాన్ని ఇక్కడ నిదానంగా విప్పి రాస్తున్నాను. మన జిల్లాల కుర్రాళ్లు ఈ మధ్య చాలామంది ఇటువైపు వెళ్తున్నారు, వాళ్లలో చాలామందికి ఇదే సందేహం.

ఒకే పేరు, రెండు వస్తువులు

ఇస్రో వాడింది గుండ్రటి పారాచూట్. దాని పని గాలికి అడ్డుపడటం. గాలి ఎటు తోస్తే అటు పోతుంది, కిందికి రావడం తప్ప దానికి సొంత దారి దాదాపుగా ఉండదు. బీచ్‌ల్లో పడవకి తాడు కట్టి జనాన్ని పైకి లేపే పారాసెయిల్ కూడా ఈ కుటుంబమే.

స్కైడైవర్లు వాడేది పలకలా ఉండే రెక్క. ముందు వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, వెనక వైపు కుట్టేసి ఉంటుంది. పొలంలో మోటారుకి తగిలించే గుడ్డ పైపుని గుర్తు తెచ్చుకోండి. నీళ్లొచ్చేదాకా చదునుగా నేలకి అతుక్కుని ఉంటుంది, నీళ్లు తోయగానే గట్టి గొట్టమైపోతుంది. ఇదీ అంతే. ముందుకు వెళ్తున్నకొద్దీ గాలి లోపలికి దూరి, అరలన్నీ బిగుసుకుని, గుడ్డ కాస్తా విమానం రెక్క ఆకారం తెచ్చుకుంటుంది. ఆ అరల్నే సెల్స్ అంటారు, ఏడో తొమ్మిదో ఉంటాయి. ఫ్లోరిడాలో గాలిపటాలూ బెలూన్లూ చేసే డొమినా జాల్బర్ట్ 1964లో పేటెంటుకి దరఖాస్తు చేసిన ఆలోచన ఇది.

రెక్క కాబట్టి ఎగురుతుంది. మామూలు కానపీ సెకనుకి దాదాపు పది మీటర్లు ముందుకి, నాలుగైదు మీటర్లు కిందికి పోతుంది. రెండు చేతుల్లో రెండు పిడులుంటాయి, వాటిని టాగుల్స్ అంటారు. ఒకటి లాగితే అటు తిరుగుతుంది. నేల దగ్గరికొచ్చాక రెండూ కలిపి నిదానంగా కిందికి లాగితే ముందుకు పోయే వేగం కాసేపు పైకి మోసే బలంగా మారుతుంది. అదే ఫ్లేర్. నేలపట్టు చెరువులో గూడబాతు దిగడం చూసినవాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. అంత బరువైన పక్షి నీళ్ల మీదికి వేగంగా వచ్చి, చివరి క్షణంలో రెక్కలు బార్లా చాపి, ఒళ్లు వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు పెడుతుంది. తొందరపడి పైనే రెక్కలు చాపితే గాల్లో ఆగిపోయి దబ్బున పడుతుంది, ఆలస్యమైతే ముక్కుతో నీళ్లని గుద్దుతుంది. మనిషికైనా ఇంతే. తేడా ఏమంటే గూడబాతుకి ఆ విద్య పుట్టుకతో వచ్చింది.

రెక్క మీద ఎంత బరువు

కానపీ పేరు పక్కన ఉండే 230, 190, 150 లాంటి అంకె దాని వైశాల్యం, చదరపు అడుగుల్లో. ఆ అంకె ఒక్కటే చూసి లాభం లేదు. దాని కింద ఎంత బరువు వేలాడుతోందన్నది కూడా తెలియాలి. విమానంలోంచి దూకేటప్పటి మొత్తం బరువుని పౌన్లలో తీసుకుని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్. మొత్తం బరువంటే ఒళ్లు, బట్టలు, బూట్లు, హెల్మెట్, వీపున మోసే రిగ్, అందులోని రెండు పారాచూట్లు (మామూలుగా వాడే మెయిన్, అది చెడితే వాడే రిజర్వ్), అన్నీ.

మావాడి లెక్క వేద్దాం. ఒళ్లు 74 కిలోలు, సామాను 13 కిలోలు. మొత్తం 87 కిలోలు, అంటే 192 పౌన్లు. 210 కింద లోడింగ్ 0.91. వాడు అద్దెకి తీసుకుని ఎగురుతున్న 190 కింద 1.01. 170 అయితే 1.13. ఇప్పుడు కొంటానంటున్న 150 కింద 1.28.

1.01కీ 1.28కీ పెద్ద తేడా ఏముందనిపిస్తుంది. రెక్క వేగం లోడింగ్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కన 190 నుంచి 150కి దిగితే వేగం దాదాపు 13 శాతం ఎక్కువ. దెబ్బ తగిలినప్పుడు ఒంటి మీద పడే శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, అది పావు వంతు పైనే పెరుగుతుంది. అదే మనిషి, అదే మడమ, పావు వంతు ఎక్కువ దెబ్బ.

మన ఎండలు కూడా ఇందులో చెయ్యి వేస్తాయి. వేడెక్కిన గాలి పల్చబడుతుంది. పల్చటి గాలిలో అదే రెక్క అదే బరువుని మోయాలంటే ఇంకాస్త వేగంగా పోవాలి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెలలో మన 43 డిగ్రీల మధ్యాహ్నం వేగం దాదాపు 5 శాతం ఎక్కువ. చలిదేశంలో నేర్చుకుని వచ్చినవాడి చేతులు ఫ్లేర్ చేసే క్షణాన్ని అక్కడి వేగానికి అలవాటు చేసుకుని ఉంటాయి.

లోడింగ్ ఒకటైనా కానపీ ఒకటి కాదు

ఇక్కడ బక్కపలచని వాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు మోసపోతారు. 48 కిలోల అమ్మాయి 11 కిలోల సామానుతో కలిపి 130 పౌన్లు. 135 కానపీ కింద ఆమె లోడింగ్ 0.96. కాగితం మీద అది మావాడి 190 కంటే కూడా నెమ్మదస్తురాలి లెక్క. గాల్లో అలా ఉండదు. చిన్న కానపీకి లైన్లు, అంటే మనిషిని కానపీకి కలిపే తాళ్లు, కూడా పొట్టిగా ఉంటాయి. పొట్టి తాడుకి కట్టిన రాయి పొడుగు తాడుకి కట్టిన రాయికంటే తొందరగా ఊగి వస్తుంది కదా. చిన్న కానపీ టాగుల్ లాగీ లాగకముందే తిరుగుతుంది, తిరిగేటప్పుడు ముక్కు వంచేస్తుంది. అందుకే చిన్న సైజుల దగ్గర లోడింగ్ అంకె ఒక్కదాన్నే నమ్ముకోకూడదంటారు.

ఆకారం సంగతి కూడా ఉంది. చదరంగా ఉండేవి నిదానస్తులు, పొరపాటుని క్షమిస్తాయి. అంచులు సన్నబడిన ఎలిప్టికల్ కానపీలు చురుకు. తెరుచుకునేటప్పుడు లైన్లు మెలిపడితే చదరపుది చాలావరకు తిన్నగానే పోతుంటుంది, ఎలిప్టికల్ గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. గుడ్డలో కూడా రెండు రకాలున్నాయి. కొంచెం గాలి పీల్చే పాతరకం గుడ్డ వాడినకొద్దీ ఇంకా వదులై ఫ్లేర్ బలం తగ్గుతుంది. గాలి చొరబడని జీరో పొరాసిటీ గుడ్డ ఎక్కువ కాలం నిలుస్తుంది, మడత పెట్టేటప్పుడు మాత్రం చేతుల్లోంచి జారిపోతూ ప్రాణం తీస్తుంది.

బాగా తెరుచుకున్న కానపీ కింద ఎందుకు చనిపోతున్నారు

ఊళ్లో ఎవరిని అడిగినా స్కైడైవింగ్‌లో భయం పారాచూట్ తెరుచుకోకపోవడమే అంటారు. అమెరికా పారాచూట్ సంఘం ఏటా ప్రచురించే ప్రమాదాల లెక్కలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. ఏ లోపమూ లేకుండా తెరుచుకున్న కానపీ కింద, నేలకి దిగే క్రమంలో చనిపోయినవాళ్లది ఎన్నో ఏళ్లుగా పెద్ద వాటా. ఆటోమేటిక్‌గా రిజర్వ్ తెరిచే పరికరం ఉంటుంది కదా అని అడుగుతారు. నేల నుంచి సుమారు 750 అడుగుల దగ్గరికొచ్చినా మనిషి ఇంకా ఫ్రీఫాల్ వేగంతోనే, అంటే పారాచూట్ తెరవకముందు పడే వేగంతోనే, పడుతుంటే అది పని చేస్తుంది. మంచి కానపీని వంద అడుగుల ఎత్తులో తప్పుగా తిప్పినవాడికి అది చేయగలిగిందేమీ లేదు.

తప్పుగా తిప్పడమంటే ఏమిటో మావాడి హెల్మెట్ కెమెరా వీడియోలో ఉంది. వాడు దాన్ని నాకు పంపించి, తను మాత్రం రెండోసారి చూడలేదన్నాడు. నేను ఇరవైసార్లు చూశాను. దాదాపు వంద అడుగుల ఎత్తున ఉండగా, గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, అవతలి వైపుకి ఊగుతుంది. గాలికి ఎదురుగా దిగాలని వాడి బుర్రలో నాటుకుపోయి ఉంది. కుడి చెయ్యి తొడ దాకా వస్తుంది. ఒక్కసారిగా లోకం పక్కకి ఒరుగుతుంది. గడ్డి మీద ఎక్కడో దూరంగా ఉన్న వాడి నీడ పరిగెత్తుకుంటూ వచ్చి వాణ్ణే తగులుకుంటుంది. మొత్తం మూడు సెకన్లు.

ఒక టాగుల్ గట్టిగా లాగితే కానపీ తిరగడమే కాదు, మనిషి లోలకంలా బయటికి విసరబడి, రెక్క నేల వైపు దూకుతుంది. లాగిన చెయ్యి వదిలేసినా వెంటనే సమంగా రాదు. మళ్లీ మామూలు ఎగురుడులోకి రావడానికి దానికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. ఆ ఎత్తు నేలలో కూరుకుపోయి ఉంటే అంతే సంగతులు. చిన్న కానపీకి ఈ ఖర్చు ఇంకా ఎక్కువ.

శిక్షకులు చెప్పే వరస ఇది: రెక్క సమంగా ఉండాలి, ఎదురుగా ఖాళీ నేల ఉండాలి, ఫ్లేర్ చెయ్యాలి, కాళ్లు కలిపి పక్కకి దొర్లి పడాలి. ఈ వరసలో గాలికి ఎదురు దిగడం వీటన్నిటి తర్వాతే వస్తుంది. వెనకగాలితో దిగితే వేగంగా దిగుతాం, దొర్లుతాం, మోచేతులు గీరుకుంటాయి. కింద తిప్పి దిగితే ఎముకలు పోతాయి. తప్పనిసరిగా కింద తిరగాల్సి వస్తే దానికో పద్ధతి ఉంది. ముందు రెండు టాగుల్స్ సగానికి లాగి వేగం తగ్గించి, అక్కణ్నుంచి కొద్దిగా తేడా చూపించి తిప్పాలి. దాన్ని ఫ్లాట్ టర్న్ అంటారు, ముక్కు వంచకుండా దిశ మారుతుంది. మావాడు దాని పేరు విన్నాడు. 46 జంప్‌లలో ఒక్కసారి కూడా పైన సాధన చెయ్యలేదు.

మైపాడు ఇసుకలో నిలబడి చూస్తే

మన తీరంలో గాలి రోజులోనే దిక్కు మారుస్తుందని రైతుకీ, వేటకెళ్లే పట్టపోళ్లకీ తెలుసు. వేసవి పొద్దున పడమటి గాలి నేల మీంచి వీస్తుంది. ఎండ ముదిరాక సముద్రపు గాలి తూర్పు నుంచి లోపలికి తోసుకొస్తుంది. ఆ రెండూ మారే గంటలో మైపాడు ఒడ్డున గాలిపటం ఎగరేస్తే అది ఎటు పోవాలో తెలియక తల వేలాడేస్తుంది. కానపీ కిందున్న మనిషికి ఆ గంట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దిగేటప్పుడు స్కైడైవర్ పెట్టె ఆకారంలో మూడు గీతలు ఎగురుతాడు. ఉజ్జాయింపుగా వెయ్యి అడుగుల నుంచి ఆరొందల దాకా గాలితోపాటు, ఆరొందల నుంచి మూడొందల దాకా అడ్డంగా, మిగతాది గాలికి ఎదురుగా. చివరి మూడొందల అడుగులు దిగడానికి మామూలు కానపీకి 20 సెకన్లు. గాలి లేకపోతే ఆ 20 సెకన్లలో 200 మీటర్లు ముందుకు పోతాడు. సెకనుకి ఐదు మీటర్ల ఎదురుగాలి ఉంటే 100 మీటర్లే. మొదటి గీతలో దీనికి తలకిందులుగా జరుగుతుంది: గాలి లేనప్పుడు 270 మీటర్లు పోయేది, అదే గాలి వెనక ఉంటే 400 మీటర్లు. పొద్దుటి గాలికి గుర్తు పెట్టుకున్న చెట్టూ పుట్టా మధ్యాహ్నానికి పనికిరావు. మావాడు ఆ రోజు చేసింది ఇదే. ముందటి జంప్‌కి ఎక్కడ తిరిగాడో ఇప్పుడూ అక్కడే తిరిగాడు.

గాలికి చెట్టు అడ్డొస్తే దాని వెనక సుడులు పుడతాయి. అడ్డు ఎంత ఎత్తుంటే దానికి పది నుంచి ఇరవై రెట్ల దూరం దాకా ఆ అల్లకల్లోలం ఉండొచ్చని శిక్షణలో చెబుతారు. 15 మీటర్ల సరుగుడు తోపుకి అది 150 నుంచి 300 మీటర్లు. కావలి నుంచి కొత్తపట్నం దాకా తీరమంతా తలచుకుంటే సరుగుడు తోపులు, కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు, వాటి ఏరేటర్లకి లాగిన కరెంటు తీగలు. ఇంత తీరముంది కదా, ఇక్కడే ఎందుకు దూకకూడదని కుర్రాళ్లు అడిగినప్పుడల్లా నాకు ముందు ఆ తీగలే కళ్ల ముందు మెదులుతాయి.

జంప్‌ల లెక్కా, చేతి పని లెక్కా

ఏ సైజుకి ఎప్పుడు దిగొచ్చన్న దగ్గర అనుభవజ్ఞులే రెండు పక్షాలు.

ఒక పక్షం అంకెల్ని నమ్ముతుంది. కానపీ శిక్షకుడు బ్రయాన్ జెర్మైన్ పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రం తేలిక: లోడింగ్ ఒకటితో మొదలుపెట్టి, ప్రతి వంద జంప్‌లకి 0.1 కలుపుకోవచ్చు. 46 జంప్‌ల మావాడికి పరిమితి 1.05 లోపే. 1.28 కావాలంటే 280 జంప్‌లు కావాలి. నెదర్లాండ్స్‌లో అనుభవాన్ని బట్టి ఏ కానపీ ఎగరొచ్చో నిబంధనగానే పెట్టుకున్నారు. అంకెలతో మేలేమిటంటే వాదన ఉండదు. తాను అందరికంటే నేర్పరినని అనుకోని కుర్రాడు ఎక్కడా లేడు, అంకె వాడి మాట వినదు.

రెండో పక్షం అడిగేది వేరు. మూడొందల జంప్‌లు చేసినవాడు మూడొందలసార్లూ ఒకే పద్ధతిలో తిన్నగా దిగి ఉంటే వాడికేం వచ్చినట్టు? ఇప్పుడున్న కానపీ మీద సగం బ్రేకుల్లో, అంటే టాగుల్స్ సగం లాగి ఉంచి, తిప్పగలడా, వెనకగాలితో, అడ్డగాలితో దిగి చూశాడా, అనుకున్న చోటికి పది మీటర్ల లోపు వరసగా దిగుతున్నాడా, టాగుల్స్ ముట్టకుండా వెనక రైజర్లతో (లైన్లని భుజాల దగ్గర రిగ్‌కి కలిపే పట్టీలతో) మలుపు తిప్పగలడా? ఇవన్నీ పెద్ద కానపీ మీద వచ్చాకే చిన్నదాని మాట ఎత్తాలంటారు. అమెరికా సంఘం 25 జంప్‌లకి 'ఏ' (A) లైసెన్సు, 50కి 'బీ' (B) లైసెన్సు ఇస్తుంది. 2012 నుంచి బీకి జంప్‌ల సంఖ్యతోపాటు విడిగా కానపీ శిక్షణ కార్డు కూడా కావాలి. ఈ పక్షం వాదన బలపడబట్టే అది వచ్చింది.

నా మటుకు నాకు అంకె గేటు లాంటిది, చేతి పని తాళంచెవి లాంటిది, రెండూ కావాలి. అయితే మనవాళ్ల విషయంలో రెండు పక్షాలూ సరిగా పట్టించుకోనిది ఒకటుంది. అమెరికాలో డ్రాప్ జోన్ (స్కైడైవింగ్ చేసే మైదానం) పక్కనుండేవాడు ప్రతి శని ఆదివారాలు దూకుతాడు. మనవాడు సెలవు పెట్టి, టికెట్ కొనుక్కుని వెళ్లి, మూడు వారాల్లో పాతిక జంప్‌లు దంచేసి, మళ్లీ ఏడాదికి కనపడతాడు. ఇద్దరి లాగ్‌బుక్‌లోనూ యాభయ్యే ఉంటుంది. కానీ ఎత్తుని కంటితో కొలిచే అలవాటు, ఫ్లేర్‌కి చేతులు లేచే సమయం ఆ ఏడాదిలో మొద్దుబారిపోతాయి. హర్యానాలోని నార్నౌల్‌లో పౌరులు దూకే వీలు వచ్చాక కొందరికి ఈ ఎడం తగ్గింది, అదైనా కావలి నుంచి దగ్గరేం కాదు. అందుకే మన కుర్రాళ్లు లాగ్‌బుక్ అంకెకంటే ఒక మెట్టు వెనకే ఉన్నామనుకోవాలని నా అభిప్రాయం.

"చిన్నదైతే గాలికి ఎదురు పోతుంది"

150 తీసుకోమన్న సీనియర్ వాదన ఇది. అందులో నిజముంది. పెద్ద కానపీ వేగం తక్కువ, గట్టి గాలి వీస్తే అది ముందుకు పోలేక ఉన్నచోటే ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. చిన్నది కోసుకుంటూ పోతుంది.

అయితే కొత్తవాణ్ణి ఇబ్బంది పెట్టేంత గాలిలో అసలు వాడు విమానం ఎక్కకూడదు. అమెరికా సంఘం విద్యార్థులకి పెట్టిన పరిమితి గంటకి 14 మైళ్లు, దాదాపు 22 కిలోమీటర్లు. 0.9 లోడింగ్ కానపీ కూడా ఆ గాలిలో ముందుకే పోతుంది. పైగా మావాడికి దెబ్బ తగిలింది గాలికి ఎదురు పోలేక కాదు, కింద తిప్పి. 150 కింద అదే తిప్పుడు తిప్పితే నాకు వీడియో పంపడానికి వాడు ఉండేవాడా అని ఆలోచించడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

చవగ్గా వస్తున్న ఆ రిగ్‌లో ఇంకో ముడి ఉంది. 150కి కుట్టిన కంటైనర్‌లో, అంటే పారాచూట్లు మడిచి పెట్టే సంచీలో, 190 పట్టదు. రేపు పెద్దది కావాలన్నా రిగ్ మొత్తం మార్చాలి. పైగా అంత చిన్న కంటైనర్‌లో రిజర్వ్ కూడా దానికి తగ్గట్టు చిన్నదే ఉంటుంది. మెయిన్ చిక్కుపడి, గుండె నోట్లోకొచ్చిన వేళ, తెలియని చోట, బహుశా ఎవరి పెరట్లోనో దిగాల్సిన రిజర్వ్. అది మెయిన్ కంటే వేగంగా ఉండాలని ఎవరైనా కోరుకుంటారా? అమ్మేవాళ్లు మెయిన్ సైజు పెద్దక్షరాల్లో చెబుతారు, రిజర్వ్ సైజు మనమే అడగాలి. అడిగాక రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసి, బాగుచేసే నిపుణుడు) చేత లైన్ల పొడవు, గుడ్డ, కుట్లు చూపించుకోవాలి. వాడకంలో లైన్లు కుంచించుకుపోయి కానపీ ఎగిరే తీరే మారిపోయి ఉండొచ్చు.

మావాడు ఆ రిగ్ కొనలేదు. డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాడు. ఈసారి మొదటి నాలుగు జంప్‌లు ఫ్రీఫాల్ జోలికి పోకుండా విమానంలోంచి దూకగానే పైనే తెరిచి, ఐదువేల అడుగుల మీద ఫ్లాట్ టర్న్‌లూ, ఫ్లేర్‌లూ సాధన చేస్తానని కాగితం మీద రాసుకుని ఫోటో తీసి పంపాడు. అద్దెకి 190 రాసిపెట్టమంటావా అని అక్కడివాళ్లు అడిగితే, ఏడాది ఎడం వచ్చింది కాబట్టి ముందు 210 ఇవ్వమన్నాడట.